జానెడుకి కాస్త తక్కువ

మార్చి నెల. తుర్కులో ఔరా నది మీద
మంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు.
మా నేలమాళిగలో మాత్రం ఏడాది పొడుగునా ఒకటే కాలం:
ఇరవై రెండు డిగ్రీలు, పన్నెండు గంటల పగలు,
మీట నొక్కితే రాత్రి.

పాత పెట్టెల ఎత్తు చేత్తో కొలిచాను.
చిటికెన వేలు అడుగున ఆనించి చెయ్యి చాపితే
పైన బొటనవేలు వంగింది.
జానెడుకి కాస్త తక్కువ.
పదహారేళ్ళుగా వాటిని కడుగుతున్నాను,
కొలవాలని ఎప్పుడూ తోచలేదు.

తోచింది తూలిక్కికి.
వచ్చే నెల రిటైరవుతుంది. అరలకి వంగీ వంగీ
ఆమె నడుమే ఒక పెట్టె కొలతకి వచ్చింది.
నిరుటి బడ్జెట్ సమావేశంలో
డాక్టర్ సుండ్‌క్విస్ట్ అన్నాడు:
"ఇల్లు మారిస్తే ఒంట్లో లెక్కలూ మారతాయి.
ఆరేళ్ళ అంకెల పక్కన కొత్త అంకెలు ఎలా పెట్టను?"
అబద్ధం కాదు, ఆయన కష్టం ఆయనది.
ఆమె కాఫీ కప్పు దించి అంది:
"ఈ బల్ల కింద దూరి ఒక గంట కూర్చోండి.
తర్వాత మీ బీపీ నేను చూస్తాను.
వచ్చిన అంకె మీదా, బల్లదా?"
ఎవరూ నవ్వలేదు.
ఆకులు రాలే వేళకి డబ్బు మంజూరైంది.

కొత్తవి రెండంతస్తులు.
మూలన ఎర్రటి గొట్టం: మనకది ఎరుపు, వాటికి చీకటి.
కొరకడానికి ఆస్పెన్ చెక్క,
గూటికి చింపిన కాగితం పీలికలు.
ఇల్లు కట్టి చూడమన్నారు.
మేం రెండువందల పన్నెండు కట్టాం, అరల మీద.
గృహప్రవేశానికి అందరం
మూతికి గుడ్డా చేతికి తొడుగూ వేసుకుని వెళ్ళాం.

ముందు నలభై ఒకటిని దించాను.
చెవికి చిన్న గాటు, దాని పేరు అదే.
ఎలుక తోక ఎంత ఉతికినా నలుపేనంటారు గాని
దీనిది పుట్టు గులాబీ, ఉతకడానికేమీ లేదు.
కడుపు నేలకి ఆనించి
లేని కప్పు కింద నడిచింది,
పొట్టి గుమ్మాల ఇంట్లో పెరిగినవాడు
ఎక్కడికెళ్ళినా తల వంచుకున్నట్టు.
మీసాలతో గాలిని తడిమింది.
ఇంకొంచెం.
ఇంకొంచెం.
వెనక కాళ్ళ మీద లేచింది.

ఎలుక ఇంత పొడవుంటుందని నాకు తెలీదు.

పొట్ట మీద మెత్తటి తెలుపు, ముందుకాళ్ళ వేళ్ళు విడివిడిగా.
ఒళ్ళు విరుచుకుని ఆవులించింది.
నా పక్కన తూలిక్కి
తానూ నిటారుగా నిలబడబోయి
అబ్బా అంటూ సగంలో ఆగింది.

చెప్పాల్సింది ఇంకోటుంది, ఎగ్గొట్టలేను.
గురువారం జాబితాలో నలభై ఒకటి ఉంది.
ఇల్లు మారింది, జాబితా మారలేదు.
బుధవారం రాత్రి డ్యూటీలో
ఎర్ర దీపం పట్టుకుని చూశాను.
పీలికల్ని ఒక్కొక్కటే నోట కరిచి
గొట్టంలోకి మోసుకెళ్తోంది,
పడిపోయినదాని కోసం వెనక్కి కూడా వచ్చి,
ఏళ్ళ తరబడి కాపురముండబోయేదానిలా.
తెల్లవారు జామున పగటి మీట మీద నా వేలు ఆగింది.
ఆగి ఏం సాధించావని అడక్కండి.
ఆ గదిలో ఆరోజు
నాలుగు నిమిషాలు ఆలస్యంగా తెల్లారింది.
రిజిస్టర్లో రాశాను. కారణం గడి ఖాళీగా వదిలాను.

పాత పెట్టెల్ని పెరట్లో గుట్ట పోశారు.
తూలిక్కి పన్నెండు అడిగి, సంతకం పెట్టి,
రెండు విడతలుగా బస్సులో ఇంటికి తీసుకెళ్ళింది.
మే మొదటి వారం చూడ్డానికి వెళ్తే
కిటికీ పొడుగునా వరసగా అవే పెట్టెలు,
వాటి నిండా టమాటా నారు.
మూతలేవని అడిగాను.
"పారేశాను" అంది,
ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళు వంచుతూ.

అలవాటు పోక చెయ్యి చాపి కొలిచాను.
మట్టి మీద నుంచి చివరి ఆకు దాకా
జానెడు దాటి రెండు వేళ్ళు.